మూడక్షరాల కబురు

కోవిడ్ వార్డు ఎత్తేసి, ఆ మంచాలను మళ్ళీ మామూలు జ్వరాలకు అప్పగించిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను అమలాపురంలోని ఒక ట్రస్టు ఆసుపత్రికి నర్సింగ్ సూపరింటెండెంటుగా వేశారు. అంతకుముందు నా ఉద్యోగమంతా అదే ట్రస్టు వారి రాజోలు ఆసుపత్రిలో గడిచింది. బయటివాళ్ళకి మేమందరం 'సిస్టరు'లమే గాని లోపల మెట్లు చాలా ఉంటాయి. కింద స్టాఫ్ నర్సు. వార్డుకొక ఇన్‌ఛార్జి సిస్టరు. ఆ పైన అసిస్టెంట్ సూపరింటెండెంటు. అందరి పైనా నేను. నా పైన డాక్టర్లు ఉన్నారని డాక్టర్లు అనుకునేవారు. నేను అనుకోలేదు.

మోకాళ్ళ పుణ్యమా అని ఈమధ్యనే ముందుగా రిటైరయ్యాను. ఆసుపత్రి లోపల పని ఎలా జరుగుతుందని అడిగేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు కాబట్టి ఒక సంగతి రాస్తున్నాను. ఇది ఒక రోగి కథ అనుకుంటే అనుకోండి. నాకు మాత్రం ఇది మాటల కథ.

మా పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘడియ డ్యూటీ మారే ఘడియ. దాన్ని హ్యాండోవర్ అంటాం. దిగిపోయే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ కలిసి మంచం మంచం దగ్గరా ఆగాలి. రోగి పేరు, వచ్చిన జబ్బు, జ్వరం, బీపీ, ఎంత నీరు లోపలికి వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది, ఏ మందు ఇచ్చారు, ఏది ఇవ్వాలి, ఇవన్నీ పైకి చెప్పాలి. బల్ల దగ్గర కూర్చుని చెప్పకూడదు. మంచం దగ్గరే చెప్పాలి. రోగి వింటూ ఉంటాడు కాబట్టి అబద్ధం చెప్పడం కష్టం. ఈ పద్ధతి పెట్టినవాళ్ళెవరో గాని మనుషుల సంగతి బాగా తెలిసినవాళ్ళు.

నేను వచ్చిన మొదటి వారంలోనే మగవాళ్ళ జ్వరాల వార్డులో హ్యాండోవర్ వినడానికి వెళ్ళాను. కీర్తన అని, మా రాజోలు వైపు అమ్మాయే, బీఎస్సీ నర్సింగ్ చదివి చేరి ఏడాదయింది. చెయ్యి చాలా మంచిది. ఎండిపోయిన నరం కూడా ఒక్క పోటుకి దొరుకుతుంది ఆ పిల్లకి. నోరు మాత్రం నాకు మింగుడుపడలేదు. మంచాల మధ్య నడుస్తూ, "ఈయన ఆల్ గుడ్. ఈయన కూడా సెట్. ఆ చివరాయన కొంచెం డ్రామా, అంతే. ఓవరాల్‌గా వార్డు చిల్" అని ముగించింది.

ఆల్ గుడ్ అంటే జ్వరం ఎంత అని అడిగాను. చార్టు చూసింది. సెట్ అంటే మూత్రం ఎంత అని అడిగాను. మళ్ళీ చార్టు చూసింది. డ్రామా అంటే ఏ నాటకం అని అడిగేసరికి, పక్క మంచం మీద పెద్దాయన దగ్గు ఆపుకుని నవ్వాడు. ఆ 'డ్రామా' ఆయనకి పిత్తాశయంలో రాయి ఉందని మర్నాడు స్కానింగులో తేలింది.

అప్పటినుంచీ నా చెవి దానిమీదే పడింది. ప్రతి వాక్యానికీ ముందొక 'బేసికల్లీ', వెనకొక 'లిటరల్లీ'. సెలైన్ బయటికి పోయి చెయ్యి వాస్తే 'అయ్యో, మై బ్యాడ్'. నొప్పితో మెలికలు తిరిగే ముసలాయనకి 'చిల్ అంకుల్'. ఈ అంకుల్, ఆంటీలే ఒక రోగం. మావయ్యగారు, పిన్నిగారు, తాతగారు అని ఒక్కొక్కరికీ ఒక్కో పిలుపు ఉన్న సీమలో, ఆసుపత్రి గడప దాటేసరికి అందరినీ రెండు మాటల్లోకి కుక్కేస్తారు. నాకు ఇంగ్లీషు రాదని కాదు. నేను చదువుకున్నదీ రాసిందీ ఇంగ్లీషులోనే. మాకు ఇంగ్లీషు నేర్పిన టీచరు 'నైస్' అన్న మాటని వ్యాసంలోంచి కొట్టేసేవారు. ఏమి బాగుందో చెప్పలేనివాళ్ళు వాడే మాట అది అనేవారు.

చివరికి స్టాఫ్ మీటింగులో చెప్పేశాను. వార్డులో ఆల్ గుడ్, సెట్, చిల్, నో ఇష్యూస్, వైబ్ వగైరాలు వినిపిస్తే మర్నాడు ఆ మనిషికి డ్యూటీ బట్టల గదిలో అన్నాను. బట్టల గదంటే ఉతికి వచ్చిన దుప్పట్లు లెక్కపెట్టే చోటు. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు.

అందరూ తలలు దించుకున్నారు. కీర్తన దించలేదు. నిలబడి చాలా మర్యాదగానే అడిగింది.

"మేడం, మీరందరూ పేషెంట్ ఎక్స్‌పైర్ అయ్యేరు అంటారు గదండీ. మందు సీసా మీద కూడా అదే మాటుంటది. మనిషిని సీసాతో కలిపేసింది మేం కాదు గదండీ. మీదైతే స్టాండర్డూ, మాదైతే స్లాంగూనా?"

ఆరో మంచం సెలైన్ అయిపోయినట్టుంది, వెళ్ళి చూడమన్నాను. సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో ఆటోలో కూర్చుని ఆ ప్రశ్నని అటూ ఇటూ తిప్పి చూశాను. అందులో సగం న్యాయం ఉంది. మా తరం వాళ్ళు కూడా 'సీరియస్', 'కొలాప్స్', 'నో మోర్' అనే మాటల వెనక దాక్కుని ఉద్యోగాలు చేశాం. తెలుగులో చెప్పాలంటే నోరు రాక ఇంగ్లీషు తెర కట్టుకున్నాం. పిల్లలు ఆ తెరనే ఇంకొంచెం రంగుగా కుట్టించుకున్నారు. ఆ సగం ఒప్పుకున్నాను గాని ఆ అమ్మాయికి చెప్పలేదు. చెబితే వార్డు నడవదు.

అయితే ఒక్క విషయంలో మాత్రం రాజోలులో ఉన్నప్పటినుంచీ నాదొక కట్టుబాటు ఉంది. మరణవార్త చెప్పే పద్ధతి. ముందు డాక్టరు చూసి నిర్ధారించాలి. తరవాత రోగి తాలూకు అందరిలోకీ దగ్గరి మనిషి ఎవరో కనుక్కుని, వాళ్ళని నడవాలోంచి ఒక గదిలోకి తీసుకెళ్ళాలి. కూర్చోబెట్టాలి. నిలబెట్టి చెప్పకూడదు. పడిపోతే తల గోడకి తగులుతుంది. మంచినీళ్ళు దగ్గర పెట్టాలి. పేరు పెట్టి, తెలుగులో, పూర్తి వాక్యంలో చెప్పాలి. 'మీ ఆయన ఫలానావారు చనిపోయారమ్మా' అనాలి. 'సారీ' అని మొదలుపెట్టకూడదు. ఆ మాట వినగానే తరవాతది వినిపించదు. చెప్పాక వెంటనే లేచి వెళ్ళకూడదు. ఇదంతా పుస్తకంలో లేదు. తప్పులు జరగగా జరగగా చేసుకున్న పద్ధతి.

ఇక మంచం సంగతి. రోగి మంచం ఖాళీ చేయగానే ఆయా వచ్చి దుప్పటి తీసేస్తుంది. పరుపుని తలవైపుకి చుట్టేస్తుంది. ఇనప మంచాన్ని ఘాటైన మందునీళ్ళతో తుడిచి ఆరనిస్తుంది. మా భాషలో కార్బలైజ్ చేయడం అంటారు. రోగి నయమై ఇంటికి వెళ్ళినా ఇదే. వేరే వార్డుకి మార్చినా ఇదే. చనిపోయినా ఇదే. చూడటానికి మూడూ ఒక్కలాగే ఉంటాయి. ఇన్నేళ్ళలో మాకెవరికీ దానిలో ఇబ్బంది కనిపించలేదు.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక సత్తిబాబు అనే ఆయన్ని జ్వరంతో తీసుకొచ్చారు. ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువుకి కాపలాదారు. నలభై దాటిన మనిషి. కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం తగ్గిపోయింది. చెరువు నీళ్ళలో రాత్రీపగలూ తిరిగేవాళ్ళకి వచ్చే జ్వరం అది. భార్య దుర్గ పక్కనే ఉండేది. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. ఏదడిగినా 'ఆయ్' అని తలూపేది. ఏ మందుకి ఎప్పుడు వాంతి అయిందో మాత్రం మా చార్టు కన్నా బాగా చెప్పేది.

ఒకరోజు పొద్దున్న రౌండ్స్‌లో ఆయనకి ఆయాసం ఎక్కువగా ఉందని చూసి, డాక్టరు పై అంతస్తులోని ఐసీయూకి మార్చమన్నారు. కీర్తన ట్రాలీ వెంట వెళ్ళింది. దుర్గ ఆయన చొక్కా, చెప్పులు పట్టుకుని వెనకాలే వెళ్ళి, ఐసీయూ అద్దాల తలుపు బయట బెంచీ మీద కూర్చుంది. కింద వార్డులో ఆయా తన పని తాను చేసింది. పరుపు చుట్టింది, మంచం తుడిచింది, ఉతికిన దుప్పటి తేవడానికి బట్టల గదికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే చంటి వచ్చాడు. సత్తిబాబు బాబాయి కొడుకు. అరటి గెలలు వేసుకుని రావులపాలెం మార్కెట్టుకి వెళ్ళే వ్యాను డ్రైవరు. అన్నకోసం ఫ్లాస్కులో జావ తెచ్చాడు. వార్డులోకి వచ్చి చూస్తే మంచం మీద అన్న లేడు, పక్కన వదిన లేదు. చుట్టిన పరుపు, తడి మంచం, మందు వాసన. పిలిస్తే వినపడే దూరంలో సిస్టర్ల బల్ల ఉంది. బల్ల దగ్గర మనిషి ఉంది. చంటి అడగలేదు. మంచం కోడు పట్టుకుని కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి వాళ్ళ ఊరి గ్రూపులో అన్న పేరు రాసి, పక్కన ఆర్, ఐ, పీ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టాడు.

ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఎప్పుడు, ఎలా, ఎవరు చూశారు అని అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అందరూ అవే మూడక్షరాలు కింద కింద పేర్చుకుంటూ పోయారు. కొందరు దండం పెట్టే చేతుల బొమ్మ కలిపారు. ఫ్లెక్సీలు వేసే కుర్రాడు ఒకడు, ఏదో పెళ్ళిలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దిగిన సత్తిబాబు ఫొటో తీసుకుని, చుట్టూ పూలదండ అమర్చి, కింద 'మిస్ యూ అన్నా' అని తయారుచేసి పెట్టేశాడు. ఆ బొమ్మని ఎవరో ఓదార్పుగా దుర్గ ఫోనుకి కూడా పంపారు.

దుర్గకి ఇంగ్లీషు రాదు. ఆ మూడక్షరాలు గుర్తుపట్టడానికి మాత్రం ఈ రోజుల్లో ఎవరికీ చదువు అక్కర్లేదు. అదీగాక భర్త ఫొటోకి దండ ఉంది.

ఐసీయూ దగ్గర గొడవగా ఉందని నాకు కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి దుర్గ అద్దాల తలుపుని రెండు చేతులతో కొడుతోంది. ఏడుపు లేదు. కీర్తన ఆమె భుజం పట్టుకుని, "ఆంటీ, టెన్షన్ పడకండి, అంతా ఓకే, ఆల్ గుడ్" అంటోంది. దుర్గ ఆ చెయ్యి తీసేసింది.

"ఊరంతా అబద్ధం చెప్తందా అమ్మా? నువ్వొక్కదానివే నిజం చెప్తన్నావా? బిల్లు కోసం దాచేరా మా ఆయన్ని?"

నేను దగ్గరికి వెళ్ళి, నా పద్ధతి ప్రకారమే, పేరు పెట్టి, పూర్తి వాక్యంలో, సత్తిబాబు గారు బతికే ఉన్నారమ్మా అని చెప్పాను. ఆమె నా ముఖాన్ని గోడ మీద నోటీసుని చూసినట్టు చూసింది. ఆ నడవాలో ఆ ఘడియలో ఏ మాటకీ విలువ లేదు. కీర్తన ఇంగ్లీషుకి లేదు, నా తెలుగుకీ లేదు.

అందుకని తలుపు తీయించాను. ఐసీయూలోకి బంధువులని సాయంత్రం తప్ప వదలకూడదు. ఆ నిబంధన నేను కూడా సంతకం పెట్టినదే. లోపలున్న డ్యూటీ డాక్టరు, కుర్రాడు, అదే గుర్తుచేశాడు.

"డాక్టరు గారూ, సాయంత్రం దాకా ఈవిడ విధవగా కూర్చోవాలా?" అన్నాను.

ఆయన పక్కకి జరిగాడు. దుర్గ చేత చేతులు కడిగించి, గౌను తొడిగించాం. కీర్తన ఆమె చెప్పులు తీసి పక్కన పెట్టింది. చెయ్యి పట్టుకుని నడిపించింది.

సత్తిబాబు ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. దుర్గ మంచానికి కొంచెం దూరంలో ఆగిపోయింది. ఇంకా నమ్మలేదు. అక్కణ్ణించే, ఇంట్లో వాకిట్లోంచి పిలిచినట్టు, "ఏవండీ" అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. ఆమెని చూసి మాస్కు కిందికి లాగి ఏదో అడిగాడు. కీర్తన మాస్కు మళ్ళీ పెట్టబోతే తల తిప్పి మళ్ళీ అడిగాడు. నాకు ఈసారి వినిపించింది.

"ఏరియేటర్లు ఆడుతన్నాయా?"

ఏరియేటర్లంటే రొయ్యల చెరువులో నీటిని చిలికే చక్రాలు. అవి ఆగిపోతే రొయ్యలు గాలి చాలక చచ్చిపోతాయి. ఎన్నాళ్ళనుంచో ఆ చక్రాల చప్పుడు వింటూ నిద్రపోయిన మనిషి, ఇక్కడ మా మెషీన్ల కూతల మధ్య వాటి గురించి అడుగుతున్నాడు.

"ఆయ్, ఆడుతున్నాయండి," అంది దుర్గ.

"నీకెలా తెలుసు? కనుక్కుని చెప్పు," అన్నాడు.

ఆమె అక్కడే, ఆ మంచం కోడుకి ఆనుకుని, అప్పుడు ఏడ్చింది.

బయట అప్పటికే రెండు ఆటోల్లో ఊరివాళ్ళు దిగారు. ఒకరి చేతిలో పూలదండ కూడా ఉంది. దాన్ని వెనక్కి దాచుకోవడానికి ఆయన పడిన అవస్థకి ఇంకో సందర్భంలో అయితే నవ్వొచ్చేది. చంటిని నా గదిలోకి పిలిచాను. ఉతికి ఆరేద్దామనే పిలిచాను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళు తలుపు దగ్గర చేరారు కూడా.

చూడకుండా ఎలా రాశావని అడిగాను. అడగడానికి సిస్టరు లేదా, కాళ్ళు లేవా, పై అంతస్తుకి మెట్లు లేవా అని అడిగాను. వాడు తల ఎత్తకుండానే చెప్పాడు.

"మా నాన్న పోయినప్పుడు నేను రావులపాలెంలో లోడు దింపుతున్నానండి. గ్రూపులోనే చూసేనండి. ఇంటోళ్ళు నాకు ఫోన్ చేసే లోపే ఊరందరూ పెట్టేసేరండి. ఈసారైనా మా ఇంటినించే వెళ్ళాలనుకున్నానండి. నేను పెట్టకపోతే ఇంకెవడో పెట్టేసేవాడు గదండీ."

నేను సిద్ధం చేసుకున్న మాటలు సగం అక్కడే ఆగిపోయాయి. మిగతా సగం అడిగేశాను. ఆ మూడక్షరాలకి అర్థం ఏమిటి అన్నాను. పోయేరని గదండీ అన్నాడు. ఆత్మకి శాంతి కలగాలని కోరుకోవడం రా అది, అన్నాను. వాడు, "పోయేరన్న ముక్క తెలుగులో అయితే అన్న పేరు పక్కన రాయలేకపోదునండి. చెయ్యి ఆడేది కాదు," అన్నాడు.

నేను ఎన్నాళ్ళనుంచో వార్డులో వాదిస్తున్నది ఇదే గాని, ఇంత సూటిగా చెప్పడం నాకు అప్పటిదాకా చేతకాలేదు.

తీసేస్తానండి అని ఫోను తీశాడు. తీసేయమన్నాను. తీసేసినంత మాత్రాన సరిపోదని కూడా చెప్పాను. అది అప్పటికే ఇంకెన్ని గ్రూపులు తిరిగిందో. గ్రూపులో రాయడం కాదు, ఒక్కొక్క ఇంటికీ ఫోను చేసి నోటితో చెప్పమన్నాను. మొదట సత్తిబాబు తల్లికి చెయ్యమన్నాను. నా ఎదురుగానే చేశాడు.

"పెద్దమ్మా, అన్నయ్య బతికే ఉన్నాడే. నేనే చూడకుండా రాసేనే," అన్నాడు.

అటునుంచి తిట్లు మొదలయ్యాయి. ఫోను బల్లకి అవతల ఉన్నా నాకు స్పష్టంగా వినిపించాయి. చాలా చక్కటి తెలుగు. ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా లేదు. చంటి అవన్నీ నిలబడి విన్నాడు.

ఇక్కడితో ఆగితే ఇది నవ్వుకునే కథ అయ్యేది. ఆ వారం గడవకముందే సత్తిబాబు మూత్రపిండాలు పూర్తిగా మొరాయించాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వెంటిలేటరు పెట్టారు. ఒకరోజు, రౌండ్స్ ముగిసిన కాసేపటికి, గుండె ఆగింది. చేయవలసినవన్నీ చేశారు. డ్యూటీ డాక్టరు నిర్ధారించి నా వైపు చూశాడు. చెప్పడం తనవల్ల కాదని ఆ చూపులో ఉంది. మొదటిసారి జరిగింది ఆయనకీ గుర్తుంది.

దుర్గని ఐసీయూ పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్ళాం. కూర్చోబెట్టాం. కింది వార్డు నుంచి పిలిపించిన కీర్తన మంచినీళ్ళు పెట్టి ఆమె కుర్చీ వెనకాల నిలబడింది. నేను ఎదురుగా కూర్చుని చెప్పాను.

"దుర్గా, మీ ఆయన సత్తిబాబు గారు చనిపోయారమ్మా."

ఆమె నా వైపు శాంతంగా చూసింది.

"మొన్న కూడా ఇలాగే అన్నారు గదండీ," అంది.

నా ఉద్యోగంలో మరణవార్త విని కేకలు పెట్టినవాళ్ళని చూశాను, మా చొక్కాలు పట్టుకున్నవాళ్ళని చూశాను, స్పృహ తప్పినవాళ్ళని చూశాను. ఇలా విన్న మనిషిని చూడలేదు. ఆమె మొండికెయ్యడం లేదు. ఒకసారి తప్పయిన కబురు, రెండోసారి కూడా తప్పు కావచ్చునని లెక్క వేసుకుంది, అంతే. నేను మళ్ళీ చెప్పబోయాను. ఆమె లేచి కొంగు సర్దుకుంది.

"పదండి. నేను పిలుస్తాను. నేను పిలిస్తే పలుకుతారు."

కీర్తన నా వైపు చూసింది. నేను తలూపాను. మొదటిసారి ఎలా తీసుకెళ్ళామో అలాగే తీసుకెళ్ళాం. చేతులు కడిగించాం, గౌను తొడిగించాం. ఇప్పుడు వాటి అవసరం లేదు గాని ఆమెకి ఆ వరస తెలుసు. వరస మార్చడం మంచిది కాదనిపించింది. మంచం దగ్గరికి ఆయా అప్పుడే బకెట్టు తెచ్చి పెట్టబోతోంది. ఆమెని కళ్ళతోనే బయటికి పంపాను.

దుర్గ మొన్న ఆగిన చోటే ఆగింది.

"ఏవండీ," అంది.

కాసేపు చూసింది.

"ఏరియేటర్లు ఆడుతున్నాయండి. చంటిని పంపి కనుక్కున్నాను. అన్నీ ఆడుతున్నాయి."

మళ్ళీ చూసింది. తరవాత దగ్గరికి వెళ్ళి, దుప్పటి కిందనుంచి పాదం మీద చెయ్యి వేసింది. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. తీశాక నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పండమ్మా," అంది.

నేను అదే వాక్యం మళ్ళీ చెప్పాను. ఈసారి ఆమె విన్నది. కీర్తన కుర్చీ వెనకే తెచ్చి పెట్టింది కాబట్టి కింద పడలేదు.

చంటి నడవాలోనే ఉన్నాడు. ఫోను చేతిలో ఉంది గాని దాన్ని చూడటం లేదు. దుర్గ బయటికి వచ్చాక వెళ్ళి అడిగాడు.

"వదినా, ఊళ్ళో చెప్పమంటావా?"

"నువ్వే చెప్పు. నోటితో చెప్పు," అంది దుర్గ.

వాడు మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్క ఇంటికీ ఫోను చేశాడు. అటుపక్కనుంచి ప్రతి ఇంటివాళ్ళూ అడిగిన మొదటి మాట ఒకటే. నిజమేనా, చూసేవా అని. మొదటిసారి ఎవరూ అడగని ప్రశ్న అది. పెద్దమ్మ అయితే అసలు నమ్మలేదు. వాడు చనిపోయిన తండ్రి మీద ఒట్టు పెట్టి చెప్పవలసి వచ్చింది. ఉత్తపుణ్యాన పంచిపెట్టిన అబద్ధానికి అందరూ తలొంచారు. నిజానికి మాత్రం సాక్ష్యం కావలసి వచ్చింది. ఆ సాక్ష్యం చెప్పుకునే పని ఆ ఇంటివాళ్ళ నెత్తినే పడింది. గ్రూపులో ఆ రోజు ఎవరూ ఏమీ పెట్టలేదని తరవాత విన్నాను.

ఆ తరవాతి స్టాఫ్ మీటింగులో రెండు మార్పులు చేశాను. బట్టల గది శిక్ష తీసేశాను. క్యాంటీనులో, హాస్టల్లో, బస్టాండులో ఎవరు ఏ భాష మాట్లాడుకున్నా నాకు పని లేదన్నాను. నాకు చిరాకు పోయిందని కాదు. 'లిటరల్లీ' విన్నప్పుడల్లా ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. మంచం పక్కన, కబురు చెప్పే గదిలో మాత్రం చూసినది చూసినట్టు, పేరుతో, అంకెతో, పూర్తి వాక్యంలో చెప్పాలన్నాను. ఈసారి 'ఎక్స్‌పైర్'ని కూడా నిషేధంలో కలిపాను. కీర్తన అది విని నా వైపు చూసింది. తరవాత హ్యాండోవరులో మాత్రం, "రెండో మంచం వీరన్న మావయ్యగారు, జ్వరం నూటొకటి, పొద్దుట్నించీ ఏమీ తినలేదండి" అని మొదలుపెట్టింది. క్యాంటీనులో ఇంకా చిల్ అంటూనే ఉంది.

రెండో మార్పు ఆయాల పనికి సంబంధించింది. ఏ కారణంతో మంచం ఖాళీ అయినా, రోగి ఎక్కడున్నాడో అతని తాలూకు వాళ్ళకి తెలిసేదాకా ఎవరో ఒకరు ఆ మంచం దగ్గర ఉండాలి. అడగడానికి వచ్చినవాళ్ళకి అడగకముందే చెప్పాలి. కొందరు ఇన్‌ఛార్జి సిస్టర్లు మనుషులు చాలరని గొణిగారు. చాలకపోతే నేనే నిలబడతానన్నాను. కొన్నిసార్లు నిలబడ్డాను కూడా.

మాట ఇంగ్లీషుదా తెలుగుదా, పాతదా కొత్తదా అని నేను చాలా ఏళ్ళు పోట్లాడాను. అసలు చూడవలసింది, ఆ మాట అనడానికి మనిషికి ఎంత కష్టమవుతుందన్నది. ఏ కష్టమూ లేకుండా నోటికొచ్చే మాట, చూడకుండానే వచ్చేస్తుంది. కష్టమైన మాట అనవలసినవాడు ముందు మెట్లెక్కి చూసి వస్తాడు. ఇక మా పనికి సంబంధించినంతవరకు నేర్చుకున్నది ఒక్కటే. ముందు ఇంటివాళ్ళకి చెప్పాలి. తరవాతే పరుపు చుట్టాలి.